కంప్యూటర్ చీటీలో మందు తప్పు: ఏ గడిలో పుట్టిందో పట్టుకోవడం

చేతిరాత చీటీ అర్థం కాకపోతే ఫార్మసిస్టుకు అనుమానం వస్తుంది, డాక్టరు గారికి ఫోన్ చేసి అడుగుతారు. కంప్యూటర్ చీటీలో తప్పు కూడా ఒప్పంత స్పష్టంగా అచ్చవుతుంది కనుక ఆ అనుమానమే రాదు. అందువల్ల తప్పు బయటపడినప్పుడు ఎవరిది అజాగ్రత్త అని అడిగే ముందు, తెర మీద ఏ గడి దానికి దారి ఇచ్చిందో చూడాలి.

సమస్య: వారానికి ఒకసారి వేసుకోవలసిన మాత్ర రోజూ అని అచ్చయింది

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ విషయంలో ఇది ప్రాణాపాయం. నెలకు సరిపోవలసిన మాత్రలు నాలుగు రోజులకే అయిపోయాయని రోగి మళ్లీ కౌంటరుకు రావడం మొదటి గుర్తు. నోట్లో పుండ్లు, జ్వరం ఆ తరువాతివి.

కారణం చాలాసార్లు మనకు అలవాటైన 1-0-1 గడే. అందులో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఉన్నాయి గానీ వారానికి చోటు లేదు. డాక్టరు 1-0-0 కొట్టి, పక్కనున్న వ్యాఖ్యల గడిలో ‘వారానికోసారి’ అని రాసినా, ఆ వ్యాఖ్య లేబుల్ మీదికి రాకపోవచ్చు. తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా తరచుగా చిన్న పసుపు మాత్రే కావడంతో రెండూ తారుమారయ్యే ముప్పు ఒకటి అదనం.

ఈ మందు ఎంచుకోగానే ‘వారానికి ఒకసారి’ అన్నదే దానంతట అది వచ్చేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాలి. ‘ఆదివారం’ అని రోజు పేరు పూర్తిగా అచ్చవ్వాలి, ఒకేసారి నాలుగు వారాలకు మించి ఇవ్వకూడదు. ఏ రోజున వేసుకుంటారో రోగి చేతనే తిరిగి చెప్పించాలి. ఇప్పటికే రోజూ వేసుకుని ఉంటే మందు ఆపించి, అదే రోజు ఆసుపత్రికి పంపాలి. అక్కడ రక్తకణాల పరీక్ష చేసి, అవసరాన్ని బట్టి ఫోలినిక్ యాసిడ్ విరుగుడుగా ఇస్తారు.

సమస్య: డోసు అనేక రెట్లు పెరిగింది

2013లో సాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో జరిగిన ఘటన దీనికి చక్కటి పాఠం. 38.6 కిలోల బరువున్న 16 ఏళ్ల అబ్బాయికి కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఒకటి ఇవ్వాలి. కిలోకు 5 మి.గ్రా. లెక్కన కంప్యూటర్ 193 మి.గ్రా. చూపింది, మాత్రేమో 160 మి.గ్రా. ఆ అంకెను సరిచేయమని ఫార్మసిస్టు కోరగా డాక్టరు 160 అని కొట్టారు, కానీ గడిలో అప్పటికే ఉన్న ‘మి.గ్రా./కిలో’ అలాగే ఉండిపోయింది. ఫలితం 38½ మాత్రలు. హెచ్చరికలను ఇద్దరూ దాటేశారు, రోబో పొట్లం కట్టింది, నర్సు బార్‌కోడ్ స్కాన్ చేస్తే చీటీతో సరిపోయింది. అబ్బాయికి మూర్ఛ వచ్చింది గానీ బతికాడు.

ఇక్కడ ప్రతి యంత్రమూ తన పని తాను సరిగ్గానే చేసింది, మాత్రల సంఖ్యను చూసి ఆగమని మాత్రం ఏదీ అనలేదు. కాబట్టి అంకె మార్చినప్పుడల్లా కొలమానాన్ని మళ్లీ ఎంచుకోమని సాఫ్ట్‌వేర్ అడగాలి. చివరి తెర మీద మొత్తం మి.గ్రా.తో పాటు ‘ఒక మాత్ర’ అని అక్షరాల్లోనూ కనిపించాలి. కౌంటరులో ఉన్నవారు ఒక్క డోసుకు మూడు, నాలుగు మాత్రలు దాటితే ఎందుకో తెలుసుకోనిదే ఇవ్వకూడదు.

సమస్య: రోగానికీ మందుకూ పొంతన లేదు

థైరాయిడ్ రోగికి ఫిట్స్ మందు వెళ్లిందంటే, అక్షరాలు కొట్టగానే తెర మీద తెరుచుకునే మందుల జాబితాను అనుమానించండి. ఇంగ్లీషులో థైరాయిడ్ మందు కార్బిమజోల్, ఫిట్స్ మందు కార్బమజెపిన్ పేర్లకు మొదటి నాలుగు అక్షరాలూ ఒకటే, ఐదోది వేరు. కనీసం ఐదు అక్షరాలు కొట్టేదాకా జాబితా తెరుచుకోకుండా చేయిస్తే ఈ జంట విడిపోతుంది. మందు పక్కన అది దేనికో ఒక్క మాట అచ్చు వేయిస్తే మిగతావీ దొరుకుతాయి.

సమస్య: హెచ్చరిక వచ్చినా ఎవరూ ఆగలేదు

2006లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం మందుల భద్రతా హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా వైద్యులు దాటేసినవే. రద్దీ ఓపీలో ప్రతి చీటీకీ నాలుగు ఎర్ర పెట్టెలు వస్తుంటే వాటిని చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? చిన్నవాటిని తీసేసి, ప్రాణాంతకమైన వాటికి మాత్రమే కారణం రాయనిదే ముందుకు కదలనివ్వని అడ్డు పెట్టించాలి.

ఇక ఆపేసిన మందు మళ్లీ అచ్చవుతుంటే పాత చీటీని కాపీ చేశారని అర్థం. కాపీ చేసిన ప్రతి వరుసనూ విడిగా ఒప్పుకునేలా పెట్టించాలి. ఒకరి మందు మరొకరికి పడితే ఇద్దరు రోగుల తెరలు ఒకేసారి తెరిచి ఉన్నాయేమో చూడండి. ఒకే ఓపీలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండడం మనకు వింతేమీ కాదు, కాబట్టి పేరుతో పాటు వయసు, రిజిస్ట్రేషన్ నంబరు పిలిచి అడగాలి. పెన్సిలిన్ పడదని రాసి ఉన్నా కంప్యూటర్ హెచ్చరించలేదంటే, ఆ మాట అలర్జీ గడిలో కాకుండా వ్యాఖ్యల్లో ఉండి ఉంటుంది. దాన్ని జాబితాలో నుంచి ఎంచి అలర్జీ గడిలో చేర్చాలి.