గ్రౌండ్‌హాగ్ కరిస్తే పది రోజులు చూస్తూ కూర్చోకూడదు

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియా ప్రాంతాల్లో పెరడున్న ఇల్లు తీసుకున్న తెలుగువాళ్లకు మార్చి నుంచి అక్టోబరు దాకా గ్రౌండ్‌హాగ్ కంటబడుతూనే ఉంటుంది. పందికొక్కుకు అన్నలా ఉండే ఈ జంతువు చలికాలమంతా బొరియలో నిద్రపోయి, ఫిబ్రవరిలోనో మార్చిలోనో బయటికి వస్తుంది. మనం చిక్కుడు, తోటకూర, గోంగూర విత్తనాలు వేసే వేళకు దానికి పిల్లలు కూడా ఉంటాయి. జూన్, జూలైల్లో ఆ పిల్లలు తల్లిని విడిచి కొత్త చోటు వెతుక్కుంటూ డెక్ కిందికి, షెడ్ కిందికి చేరతాయి. మన ఇళ్లకు ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చేదీ, పిల్లలకు బడి సెలవులు మొదలయ్యేదీ కూడా అప్పుడే. అందుకే రేబిస్ గురించిన ఈ మాటలు వేసవికి ముందే ఇంట్లో అందరూ కూర్చుని చెప్పుకోవాలి.

రేబిస్ అనగానే మనకు కుక్క తప్ప మరొకటి గుర్తు రాదు. భారతదేశంలో మనుషులకు ఆ జబ్బు ప్రధానంగా కుక్కల నుంచే వస్తుంది కాబట్టి అది సహజమే. అమెరికాలో పరిస్థితి వేరు. కుక్క నుంచి కుక్కకు పాకే రేబిస్ రకం ఆ దేశంలో లేకుండా పోయిందని 2007లోనే ప్రకటించారు. ఇప్పుడు అక్కడ ఏటా సుమారు 4,000 జంతువుల్లో రేబిస్ బయటపడుతుంటే, వాటిలో 90 శాతానికి పైగా అడవి జంతువులే: గబ్బిలాలు, రకూన్లు (కళ్ల చుట్టూ నల్ల పట్టీ, తోక మీద చారలు ఉండే జంతువులు), స్కంకులు (కంపు నీళ్లు చిమ్మే నలుపు తెలుపు జంతువులు), నక్కలు. హవాయి తప్ప ఏ రాష్ట్రమూ దీనికి మినహాయింపు కాదు.

మన పెద్దలందరికీ ఒక నియమం తెలుసు: కరిచిన కుక్కను పది రోజులు గమనించాలి, అది బతికే ఉంటే మనకు భయం లేదు. కుక్కల విషయంలో దీనికి ఆధారం ఉంది. రేబిస్ సోకిన కుక్క లాలాజలంలో వైరస్ జబ్బు బయటపడడానికి కొద్ది రోజుల ముందు మాత్రమే కనిపిస్తుంది, ఆ తర్వాత కుక్క త్వరగా చనిపోతుంది. పది రోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే. (అలాగని ఊళ్లో కుక్క కరిస్తే ఆ పది రోజులూ టీకా వేయించకుండా ఆగమని కాదు. అదే రోజు మొదలుపెట్టాలి.) అమెరికాలో ఈ లెక్క కుక్క, పిల్లి, ముంగిసలా ఉండే పెంపుడు ఫెరెట్‌లకే వర్తిస్తుంది. అడవి జంతువులకు వర్తించదు. నిన్న కరిచిన గ్రౌండ్‌హాగ్ ఇవాళ హాయిగా చిక్కుడాకు తింటూ కనిపించిందని ధైర్యపడకూడదు. నేను అన్నిటికంటే ముందు చెప్పదలచుకున్నది ఇదే. ఊళ్లో పెద్దలు నేర్పిన ఆ నియమాన్ని మనవాళ్లు అమెరికా పెరట్లో వాడుతుంటే నాకు గుండె ఝల్లుమంటుంది.

ఉడుత, చిప్‌మంక్ (చారల చిన్న ఉడుత), ఎలుక, కుందేలు కూడా పెరట్లో తిరుగుతాయి కదా, వాటిని వదిలి గ్రౌండ్‌హాగ్ మీదే ఎందుకు పడ్డామని అడగవచ్చు. చిన్న జంతువుల మీద రేబిస్ ఉన్న రకూన్ దాడి చేస్తే అవి సాధారణంగా అక్కడికక్కడే చస్తాయి. జబ్బు ముదిరి మరొకరిని కరిచేదాకా బతకవు. అమెరికాలో ఉడుతల నుంచి, ఎలుకల నుంచి మనిషికి రేబిస్ సోకిన దాఖలా లేదు. గ్రౌండ్‌హాగ్ అలా కాదు. రెండు నుంచి ఆరు కిలోల దాకా బరువు తూగుతుంది, బలమైన ముందు పళ్లతో తిరగబడుతుంది. రకూన్ కరిచినా గాయంతో తప్పించుకుని బొరియలోకి వెళ్లిపోగలదు. కొన్ని వారాల తర్వాత జబ్బు బయటపడుతుంది. పైగా అది వదిలేసిన బొరియల్లో రకూన్లు, స్కంకులు, నక్కలు కాపురం పెడతాయి. తూర్పు రాష్ట్రాల్లో, ఎలుక జాతి జంతువుల్లో రేబిస్ తేలినవి చూస్తే అత్యధికం గ్రౌండ్‌హాగ్‌లే. రేబిస్‌ను చేరవేసే అడవి జంతువుల జాబితాలో పెన్సిల్వేనియా దీన్ని కూడా చేర్చింది.

ఈ ముప్పు తూర్పు తీరానికి రావడంలో మనిషి పాత్ర కూడా ఉంది. రకూన్ రేబిస్ ఒకప్పుడు ఫ్లోరిడాకు, దాని చుట్టుపక్కలకు పరిమితం. 1970ల్లో వేట కోసం దక్షిణాది నుంచి రకూన్లను తెచ్చి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా అడవుల్లో వదిలారు. వాటితో జబ్బూ వచ్చింది, తర్వాత ఉత్తరాన మెయిన్ రాష్ట్రం దాకా పాకింది. అది అపలేచియన్ కొండలు దాటి పడమటికి వెళ్లకుండా ఇప్పటికీ టీకా మందు నింపిన ఎర ముక్కలను విమానాల నుంచి చల్లుతున్నారు. బోనులో పడిన గ్రౌండ్‌హాగ్‌ను కారులో తీసుకెళ్లి దూరంగా పార్కులో వదలడం జాలిగుండె పనిలా కనిపిస్తుంది గానీ, చేసేది అప్పటి వేటగాళ్లు చేసిన పనే. చాలా రాష్ట్రాల్లో అది నేరం కూడా.

జబ్బున్న జంతువును ఎలా పోల్చాలి? ఆరోగ్యంగా ఉన్న గ్రౌండ్‌హాగ్ పిరికిది. మనిషి అలికిడి కాగానే వెనక కాళ్ల మీద నిలబడి చూస్తుంది, ఈల వేసినట్టు అరిచి బొరియలో దూరుతుంది. అలా పారిపోకుండా మన వైపే నడిచి వచ్చినా, వెంటపడినా, కారు టైరును కొరుకుతున్నా, వెనక కాళ్లు ఈడుస్తున్నా, తూలుతున్నా, నోటి వెంట చొంగ కారుతున్నా అనుమానించాలి. కోపం ఒక్కటే గుర్తు కాదు. కొన్నిట్లో రేబిస్ మందకొడితనంగా మొదలవుతుంది. చేత్తో తాకనిచ్చేంత సాధువుగా మారిన అడవి జంతువు దగ్గరికి అసలే వెళ్లకూడదు. మరోవైపు, పట్టపగలు కనిపించిన రకూన్‌కల్లా పిచ్చి పట్టిందని అనుకోనక్కర్లేదు. పిల్లలున్న తల్లి తిండి కోసం పగలూ తిరుగుతుంది. డిస్టెంపర్ అనే మరో జబ్బుకూ ఇవే లక్షణాలుంటాయి. తేడా తేల్చవలసింది ప్రయోగశాల, మనం కాదు. మనం చేయవలసిందల్లా పిల్లల్ని, కుక్కను లోపలికి పిలిచి, తలుపు వేసి, ఊరి యానిమల్ కంట్రోల్ విభాగానికి ఫోను చేయడం.

గబ్బిలం గురించి విడిగా చెప్పాలి. అమెరికాలో రేబిస్ వల్ల చనిపోయేవాళ్లు ఏటా పది మంది లోపే. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువ మందికి జబ్బు సోకింది గబ్బిలం నుంచి. దాని పళ్లు సన్నం. కాటు గుర్తు కంటికి ఆనకపోవచ్చు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియకనే పోవచ్చు. పొద్దున లేచేసరికి పడకగదిలో గబ్బిలం కనిపిస్తే, లేదా పసిపిల్ల ఒంటరిగా ఉన్న గదిలో కనిపిస్తే, కిటికీ తెరిచి తరిమేయకండి. మందపాటి చేతి తొడుగులు వేసుకుని, అది గోడ మీద వాలినప్పుడు డబ్బా బోర్లించి, కింద అట్ట జరిపి, టేపు అంటించి ఆరోగ్య శాఖకు ఫోను చేయండి. చీపురుతో తల మీద కొట్టవద్దు. పరీక్ష జరిగేది మెదడు మీదే, తల నుజ్జయితే పరీక్ష కుదరదు. చచ్చిపోతే చల్లగా ఉంచాలి గానీ గడ్డ కట్టించకూడదు. పరీక్షలో రేబిస్ లేదని తేలితే ఇంజెక్షన్ల బాధే ఉండదు.

ఇక కాటు పడితే. మొదటి పని ఫోను కాదు, నీళ్లు. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాల పాటు గాయం కడగాలి. పదిహేను నిమిషాలంటే చాలాసేపే, గడియారం చూసుకుని కడగండి. ఈ ఒక్క పనే ఎంతో వైరస్‌ను తొలగిస్తుంది. తర్వాత అయొడిన్ వంటి క్రిమినాశక మందు రాయవచ్చు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఆకు పసరు ఏవీ పెట్టకండి. పెద్దవాళ్లు ప్రేమతోనే పెడతారు, కానీ అవి గాయాన్ని మండించి చెడగొడతాయి తప్ప వైరస్‌ను ఆపవు.

తర్వాత అదే రోజు అత్యవసర వైద్య విభాగానికి వెళ్లాలి, కౌంటీ ఆరోగ్య శాఖకు చెప్పాలి. రకూన్, స్కంక్, నక్క, గబ్బిలం అయితే పరీక్షలో లేదని తేలేదాకా రేబిస్ ఉన్నట్టే భావించి చికిత్స మొదలుపెడతారు. గ్రౌండ్‌హాగ్ అయితే ఆ ప్రాంతంలో జబ్బు ఎంత ఉంది, అది ఎలా ప్రవర్తించింది, దొరికిందా లేదా అన్నవి చూసి ఆరోగ్య శాఖ సలహా ఇస్తుంది. ఆ నిర్ణయం ఇంట్లో తీసుకునేది కాదు. గీరినా, తెరుచుకున్న గాయం మీదో కంట్లోనో నోట్లోనో చొంగ పడినా కాటుతో సమానంగానే చెప్పాలి. ఒంటి మీద బొచ్చు తగిలితే, మలమూత్రాలు తొక్కితే, స్కంక్ కంపు నీళ్లు చల్లితే రేబిస్ రాదు.

చికిత్స అనగానే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని మన ఇళ్లలో ఇప్పటికీ హడలిపోతారు. ఆ పాత మందును భారతదేశంలోనే 2000 దశకం మధ్యలో ఆపేశారు. ఇప్పుడు అమెరికాలో ఇచ్చేది జబ్బలో నాలుగు సార్లు: మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కిస్తారు), తర్వాత 3, 7, 14వ రోజుల్లో. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు 28వ రోజు మరొకటి. మొదటి రోజే రేబిస్ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలున్న మందు) కూడా శరీరం బరువును బట్టి గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. టీకా పనిచేయడం మొదలయ్యేలోగా వైరస్‌ను అక్కడికక్కడే నిలవరించేది ఇదే. దీన్ని వదిలేసి టీకా ఒక్కటే వేస్తామంటే ఎందుకని అడగండి. ఆధునిక టీకా లోగడ పూర్తిగా తీసుకున్నవాళ్లకు మాత్రం ఇది అక్కర్లేదు, రెండు డోసులు చాలు. మీ నాన్నగారు చిన్నతనంలో బొడ్డు చుట్టూ వేయించుకుని ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్షలో రక్షణ ఉన్నట్టు రుజువైతే తప్ప దాన్ని టీకా వేయించుకున్నట్టు లెక్కించరు.

ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, దాచి లాభం లేదు. చూడడానికి వచ్చిన అమ్మానాన్నలకు ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు అత్యవసర వైద్యం పరిమితి ఎంతో చూసుకోవాలి. డబ్బుకు భయపడి ఆగిపోయే పరిస్థితి వస్తే ఆరోగ్య శాఖనే అడగండి. టీకా తయారీ సంస్థల సహాయ పథకాలు ఉంటాయి. జబ్బు లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు రాకముందు సక్రమంగా చికిత్స అందితే దాదాపు అందరూ బతుకుతారు.

పెరట్లో పని పెద్దదేమీ కాదు. కూరగాయల మడి చుట్టూ మూడడుగుల ఎత్తున తీగ కంచె వేసి, అడుగు లోతు వరకు పాతి, కింద అంచును బయటికి వంచాలి. గ్రౌండ్‌హాగ్ తవ్వడమే కాదు ఎక్కుతుంది కూడా, కాబట్టి కంచె పైభాగాన్ని బిగించకుండా ఊగేలా వదలాలి. డెక్ కింద ఖాళీ మూసేముందు లోపల పిల్లలు లేవని రూఢి చేసుకోండి. పిల్లలు చిక్కుకుంటే తల్లి తిరగబడుతుంది. కుక్క తిండి గిన్నె రాత్రి బయట ఉంచవద్దు. మిగిలిన అన్నం పక్షులకని పెరట్లో పెట్టడం మన అమ్మలకు అలవాటు. అక్కడ ఆ అన్నం రకూన్ల పాలవుతుంది. కుక్కకు, పిల్లికి రేబిస్ టీకా గడువు దాటనివ్వకండి. కుక్క ఏ అడవి జంతువుతోనైనా కలబడితే చేతి తొడుగులు లేకుండా దాన్ని తడమవద్దు. టీకా ఉన్నా సరే, ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, బూస్టర్ వేస్తారు.

పిల్లలు ఫిబ్రవరి 2న బడిలో గ్రౌండ్‌హాగ్ బొమ్మకు రంగులు వేసి వస్తారు. చలికాలం ఎప్పుడు పోతుందో ఆ రోజు జోస్యం చెబుతుందనే పంక్స్‌టానీ ఊరి గ్రౌండ్‌హాగ్ ఫిల్‌ను టీవీలో చూస్తారు. అది వాళ్లకు ముద్దొచ్చే జంతువే. చూడవచ్చు, దగ్గరికి వెళ్లకూడదు, చచ్చి పడి ఉన్నా ముట్టుకోకూడదు అని నేర్పండి. కరిచినా గీరినా చెబితే తిట్టబోమని మరీ మరీ చెప్పండి. తిడతారనే భయంతో పిల్లలు దాచిన గాయం నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు పుట్టిస్తుంది. కౌంటీ ఆరోగ్య శాఖ, యానిమల్ కంట్రోల్, దగ్గరి అత్యవసర వైద్య విభాగం నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. శని, ఆదివారాల్లో, రాత్రిపూట ఆరోగ్య శాఖకు ఏ నంబరుకు చేయాలో ఇప్పుడే కనుక్కుని దాన్నీ పక్కన రాయండి.