అనంతపురం ఎండల్లో చామోమైల్: విత్తనాలు ఎప్పుడు, ఎలా చల్లాలి?

చామోమైల్ అంటే చామంతి కుటుంబపు మొక్క, దాని చిన్న తెల్లరేకుల పూలను ఆరబెట్టి టీ కాచుకుంటారు. ఈ విత్తనాల పొట్లాల మీద తరచుగా "వసంతంలో చల్లండి" అని ఉంటుంది. అది చలిదేశాల లెక్క. అక్కడ నీరు గడ్డకట్టే రాత్రులు ముగియడానికి ఆరు వారాల ముందే ఇంట్లో ట్రేలలో నారు పోస్తారు. లేదంటే మంచు కురవకముందే తోటలో చల్లి వదిలేస్తారు. ఆ లెక్క నమ్మి అనంతపురంలో మార్చిలో చల్లితే ఏప్రిల్ ఎండకు నారు మాడిపోతుంది. మనం ఎండ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, దాదాపు ఆలోపే పూలు కోసుకోవాలి. టీకి ఎక్కువగా వాడే రకం జర్మన్ చామోమైల్. అది చల్లిన రెండు, రెండున్నర నెలలకు పూతకొస్తుంది. తర్వాత కొన్ని వారాల పాటు విడతలుగా పూస్తుంది. కాబట్టి అక్టోబర్ చివరి వారం నుంచి నవంబర్ 15 లోపు చల్లేయాలి. దీపావళికి అటూ ఇటూ అని గుర్తుంచుకోండి. వాన ముసురు పట్టి ఉంటే మాత్రం నాలుగు రోజులు ఆగండి.

పొట్లం విప్పే ముందు ఫ్యాను ఆపండి. గింజలు ఆవాల కన్నా ఎంతో సన్నం, గ్రాముకు వేలల్లో తూగుతాయి. చిటికెడు గింజలను గుప్పెడు పొడి ఇసుకలో కలిపి, జల్లించిన మట్టి, మాగిన పశువుల ఎరువు నింపిన వెడల్పాటి కుండీలో చల్లండి. పైన మట్టి కప్పవద్దు. వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తాయి. అరచేత్తో మెల్లగా అదిమితే చాలు. చెంబుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి, అందుకే స్ప్రే సీసా వాడండి. మొలకెత్తడానికి 15 నుంచి 20 డిగ్రీల వేడి అనుకూలం. మన నవంబర్ పగళ్లు అంతకన్నా వేడిగానే ఉంటాయి కనుక కుండీని మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టండి. ఒకటి రెండు వారాల్లో పచ్చటి నూగులా మొలకలు కనిపిస్తాయి.

నెల దాటాక జానెడు దూరంలో నాటండి. కాస్త చౌడు నేలనైనా ఈ మొక్క తట్టుకుంటుంది కానీ నీరు నిలిస్తే బతకదు. కర్నూలు వైపు నల్లరేగడిలో ఎత్తుమడులు తప్పనిసరి. చిగుళ్లకు పేనుబంక పడుతుందేమో చూస్తూ ఉండండి. తాగే పూలు కాబట్టి పురుగుమందు జోలికి పోకుండా నీళ్లతో గట్టిగా కడిగేయడమే మేలు.

తెల్లరేకులు అడ్డంగా విచ్చుకున్నప్పుడు కోయాలి. అవి కిందికి వాలిపోయాయంటే ఆలస్యమైనట్టే. నీడలో పలుచగా పరిచి ఆరబెట్టండి. వయ్యారిభామ కూడా ఈ కుటుంబపు మొక్కే. అది పడనివారు, చామంతి పూలకు తుమ్ములు వచ్చేవారు ఈ టీ జోలికి వెళ్లకపోవడమే మంచిది.