యురేనియం-238: భ్రమణ పట్టీ నుంచి కేంద్రక ఆకారాన్ని లెక్కించే విధానం

విరూపణ చెందిన (గోళాకారం తప్పిన) కేంద్రకానికి నమూనా కట్టదలచినవారు, అది నిజంగా భ్రమణ స్వభావం చూపుతున్నదో లేదో ముందుగా నిర్ధారించుకోవాలి. యురేనియం-238 భ్రమణ పట్టీలో, అంటే కేంద్రకం తిరగడం వల్ల ఏర్పడే శక్తి స్థాయిల వరుసలో, స్పిన్ (కోణీయ ద్రవ్యవేగాన్ని తెలిపే సంఖ్య) 2 స్థాయి 44.916 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, స్పిన్ 4 స్థాయి 148.38 వద్ద ఉన్నాయి. వీటి నిష్పత్తి 3.30. ఆకారం మారకుండా తిరిగే ఆదర్శ కేంద్రకానికి ఇది 3.33, గోళాకార కంపన కేంద్రకానికి సుమారు 2. నిష్పత్తి 3కంటే బాగా తక్కువైతే ఈ పద్ధతి వర్తించదు.

స్పిన్‌ను దానికంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో గుణించగా వచ్చే లబ్ధాన్ని ‘ల’ అనుకుందాం. శక్తి = ఎ·ల అనే సూత్రాన్ని (ఇందులో ఎ స్థిరాంకం జడత్వ భ్రామకానికి, అంటే తిరగడంలో కేంద్రకం చూపే జడత్వానికి, విలోమానుపాతంలో ఉంటుంది) తొలి స్థాయికి అమర్చి చూస్తే, స్పిన్ 10కి 823.5 వస్తుంది. కొలిచిన విలువ 775.9 మాత్రమే, ఎందుకంటే స్పిన్ పెరిగేకొద్దీ జడత్వ భ్రామకమూ పెరుగుతుంది. అందువల్ల బి·ల² అనే పదాన్ని చేర్చి, తొలి రెండు స్థాయిల నుంచి సాధిస్తే ఎ = 7.515, బి = −0.00479 లభిస్తాయి. బి ఇంత చిన్నది కనుక కొలతల దశాంశాలను ముందే కుదించరాదు. ఈ విలువలతో స్పిన్ 6కు 307.2 వస్తుంది, కొలతా అంతే. స్పిన్ 8కి 516.2 (కొలత 518.1), స్పిన్ 10కి 768.7 వస్తాయి. ఈ దశలో ఇంకొక పదం చేర్చడం కంటే, జడత్వ భ్రామకాన్ని భ్రమణ పౌనఃపున్యపు వర్గంలో విస్తరించడమే మేలు.

అయితే శక్తులు ఎంత చక్కగా సరిపోయినా వాటి నుంచి ఆకారం తెలియదు. ఈ విషయాన్ని విస్మరించరాదు. ఆకారానికి ఆధారం క్వాడ్రుపోల్ భ్రామకం, అంటే ప్రోటాన్ల పంపిణీ గోళాకారం నుంచి ఎంత తప్పిందో తెలిపే రాశి. కూలంబ్ ఉత్తేజనంలో (ఆవేశిత కణాల విద్యుత్ బలంతో కేంద్రకాన్ని పై స్థాయికి లేపే ప్రయోగంలో) కొలిచిన సంక్రమణ ప్రాబల్యం, అంటే స్థాయిల మధ్య మార్పు ఎంత బలంగా జరుగుతుందో తెలిపే విలువ, నుంచి అది సుమారు 11 బార్న్‌లుగా (బార్న్ = 100 చదరపు ఫెర్మీలు) తేలుతుంది. కేంద్రక వ్యాసార్ధాన్ని 7.44 ఫెర్మీలుగా (ఫెర్మీ = 10⁻¹⁵ మీటరు) తీసుకుంటే, విరూపణ సూచిక బీటా దాదాపు 0.29, అంటే ధ్రువాల వైపు సాగిన ఆకారం.

ఇదే బీటాతో దృఢ వస్తువు జడత్వ భ్రామకాన్ని లెక్కిస్తే ఎ సుమారు 3.6 రావాలి. కొలతల నుంచి వచ్చింది 7.5, కాబట్టి అసలు జడత్వ భ్రామకం దృఢ విలువలో సగమే. న్యూక్లియాన్‌ల (ప్రోటాన్లు, న్యూట్రాన్ల) జతకట్టే బలమే ఇందుకు ముఖ్య కారణం. కనుక తరువాతి దశలో నిల్సన్ పొటెన్షియల్‌లో (విరూపిత కేంద్రకంలో ఒక్కో న్యూక్లియాన్ కదలికను వర్ణించే నమూనాలో) ఈ బీటాను ఉంచి, జతకట్టే బలాన్ని తప్పక చేర్చి, క్రాంకింగ్ నమూనాతో (ఆ పొటెన్షియల్‌ను స్థిర వేగంతో తిప్పి చూసే లెక్కతో) జడత్వ భ్రామకాన్ని లెక్కించి, ఎ విలువతో పోల్చి చూడాలి.