బయట వాడే పూత అల్యూమినియం – 4వ పాఠం: పొక్కు విప్పి చూడటం

పోయిన పాఠంలో జింకేటు ముంచుడు (నికెల్ పట్టేందుకు ముందుగా అల్యూమినియం మీద పలుచని జింకు పొర ఎక్కించడం) దాకా వచ్చాం. ఈసారి నికెల్ పూత వేసిన ముక్కను ఎండలో బిగించాక ఏమవుతుందో చూద్దాం.

అనంతపురంలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, ఇక్కడ తుప్పు భయమేముంది అనుకుంటారు. పని చెరిపేది వాన కాదు, రోజూ కొంచెం తడిసి ఎండటం. సోలార్ ప్యానెళ్లను బోరు నీళ్లతో కడిగితే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. మళ్లీ కడిగితే దానికి ఇంకొంత చేరుతుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు దుమ్ము ఇంకో బాధ. మంచులో తడిస్తే అది క్షారం. అల్యూమినియం మీద సహజంగా ఉండే ఆక్సైడు పొర పీహెచ్ 4 నుంచి 8.5 మధ్యలోనే నిలుస్తుంది. అది దాటితే కరుగుతుంది.

జీఐ (జింకు పూసిన ఇనుము) రేకు మీద గీత పడినా జింకు తాను కరిగి ఇనుమును కాస్తుంది. నికెల్ అలా కాదు, గీత పడిన చోట అల్యూమినియంనే బలి పెడుతుంది. పూత ఎంత వెడల్పో, బయటపడ్డ రంధ్రం ఎంత చిన్నదో, గుంట అంత వేగంగా లోతుకు దిగుతుంది. లోపల క్లోరైడు చేరి ఆమ్లం తయారవుతుంది కాబట్టి పైన ఆరినట్టు కనిపించినా లోపల ఆగదు. అందుకే సన్న రంధ్రాలు మిగిలే పలుచని పూత అసలు పూత లేకపోవడం కంటే చెడ్డది. బయట పెట్టే ముక్కకు కనీసం 25 మైక్రాన్ల నికెల్ అడగండి.

ఇప్పుడు పొక్కు (పూత ఉబ్బి లేచిన చోటు) దగ్గరికి రండి. బ్లేడు మొనతో విప్పి, 10 రెట్ల భూతద్దంలో అడుగు చూడండి. తెల్ల పొడి, కింద గుంట ఉంటే నీళ్లు రంధ్రంలోంచి దిగినట్టు. పొడి లేకుండా లోహం శుభ్రంగా మెరుస్తుంటే తప్పు ప్లేటింగు షాపుది: పూత అసలు పట్టలేదు. పోత ముక్కల్లో ఇది ఎక్కువ. వాటిలోని సిలికాన్‌ను నైట్రిక్ ఆమ్లం ఒక్కటే తీయలేదు, ఫ్లోరైడు కలిసిన ఆమ్లం కావాలి. పోకుండా మిగిలిన ఆ సిలికాన్ మసి మీదే జింకేటు వేస్తే మన ఎండే దాన్ని లేపుతుంది. 40 డిగ్రీలు వేడెక్కితే మీటరు అల్యూమినియం 0.92 మిల్లీమీటర్లు సాగుతుంది, నికెల్ 0.52 మాత్రమే. కొనేవాడికి ఈ తేడా తెలిస్తే షాపువాడితో మాట తేలిక.

రంధ్రాలు కంటికి కనపడకపోతే ఒక పాత నికెల్ పూత అల్యూమినియం ముక్కను బలి ఇవ్వండి. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల కాస్టిక్ సోడా కొద్దికొద్దిగా వేయండి (సోడా మీద నీళ్లు పోయకూడదు). గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, గది గాలాడాలి. ముంచాక బుడగలు ఎక్కడినుంచి లేస్తే అక్కడ అల్యూమినియం బయటపడినట్టే.

మరమ్మతు: ఊడే పెచ్చంతా తీసి, ఎమరీతో తెల్ల పొడి పూర్తిగా పోయి లోహం మెరిసేదాకా రుద్దండి. ఇనుప బ్రష్షు, ఇత్తడి బ్రష్షు వద్దు, వాటి రేణువులు దిగబడి కొత్త గుంటలు మొదలవుతాయి. డిస్టిల్డ్ నీటితో కడిగి, ఆరగానే ఎపాక్సీ ప్రైమరు, పైన పెయింటు. సాయంత్రం వేద్దామని వదిలేస్తే మళ్లీ రుద్దుకోవాల్సిందే.

కరెంటు పారే లగ్గుకు (కేబులు కొసకు బిగించే లోహపు ముక్క) ఈ పద్ధతి పనికిరాదు, పెయింటు వేస్తే కాంటాక్టు పోతుంది. దాన్ని మార్చేయండి. రాగి కేబులు వచ్చి చేరే చోట బైమెటాలిక్ లగ్గు (ఒక వైపు రాగి, ఇంకో వైపు అల్యూమినియం ఉన్నది) వాడండి. రాగి పైన, అల్యూమినియం కింద ఉండేలా మాత్రం ఎప్పుడూ బిగించొద్దు. రాగి మీదుగా కారిన నీళ్లు దాన్ని మోసుకొచ్చి అల్యూమినియం మీద వదులుతాయి.

వచ్చే పాఠానికి: లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కలిపి రెండు సీసాల్లో పోయండి. ఒకదాంట్లో పిన్నీసుతో గీసిన జీఐ ఎర్తింగు పట్టీ ముక్క, రెండోదాంట్లో అలాగే గీసిన నికెల్ పూత అల్యూమినియం వేసి 48 గంటలు కదపకుండా ఉంచండి. రోజుకు రెండుసార్లు గీతల దగ్గర ఏముందో రాసుకోండి.