స్కేల్ తగ్గిస్తే వీడియో ఆగడం తగ్గుతుందా? ముందు గ్రాఫ్ చూడండి

ఒంగోలు, కావలి, నెల్లూరు యాడ చూసినా ఇప్పుడు 4కే టీవీనే మానిటర్‌గా వాడేవాళ్ళు కనపడతా ఉన్నారు. హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించగానే విండోస్ చాలాసార్లు తనకి తానే స్కేల్ (అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనపడాలనేది) 300 శాతం పెట్టుకుంటది, ఇక వీడియో కాస్త ఇరుక్కుందంటే చాలు, ఇదిగో 3 రెట్లు సాగదీస్తా ఉంది కాబట్టే మెషిన్ లాగలేకపోతోందని దాన్ని 100కి దించేస్తారు. అప్పుడు అక్షరాలు కళ్ళద్దాలు పెట్టుకున్నా కనపడవు, వీడియో మాత్రం అట్టనే ఆగి ఆగి పోతుంటది.

విండోస్‌లో స్కేల్ వేరు, రెజల్యూషన్ (స్క్రీన్ మీద గీసే చుక్కల, అంటే పిక్సెల్స్ లెక్క) వేరు. 3840 బై 2160 అంటే సుమారు 83 లక్షల పిక్సెల్స్, స్కేల్ 100 పెట్టినా 300 పెట్టినా గ్రాఫిక్స్ చిప్ స్క్రీన్‌కి పంపాల్సింది ఆ 83 లక్షలే. మారేది అక్షరాల సైజు, బటన్ల సైజు. పని నిజంగా తగ్గాలంటే రెజల్యూషన్‌నే 1920 బై 1080కి దించాలి, అది సుమారు 21 లక్షలు, అంటే నాలుగో వంతు.

కాబట్టి వీడియో ఆడతా ఉండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తీయండి, పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కితే 3డి (బొమ్మ గీసే పని), వీడియో డీకోడ్ (కుదించిన వీడియోని విప్పే పని) అని చిన్న చిన్న గ్రాఫ్‌లు కనపడతాయి. జబ్బు యాడుందో సగం ఈడే తేలిపోద్ది.

సమస్య: వీడియో డీకోడ్ సున్నా దగ్గరే పడుకోనుంది, సీపీయూ మాత్రం 90 దాటి ఫ్యాన్ హోరు పెడతా ఉంది.

వీడియోని విప్పే పని గ్రాఫిక్స్ చిప్ చెయ్యకుండా మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడిందన్నమాట. ముందు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందా చూసుకోండి, ఎవరో చెప్పారని ఆఫ్ చేసేసి మర్చిపోయినవాళ్ళు బోలెడంతమంది. అది ఆన్‌లోనే ఉంటే చిప్ వయసు చూడాలి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఇంటెల్ 4వ జనరేషన్ డెస్క్‌టాప్‌లకి యూట్యూబ్ వీడియోని కుదించడానికి వాడే వీపీ9 పద్ధతిని విప్పే సొంత సర్క్యూట్ లేదు, 7వ జనరేషన్ నుంచి అది పూర్తిగా ఉంది, దానికంటే కొత్త పద్ధతి ఏవీ1 కావాలంటే 11వ జనరేషన్ దాకా రావాలి. పాత మెషిన్ అయితే యూట్యూబ్‌ని పాత పద్ధతి హెచ్.264లోనే పంపమని అడిగే ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసుకోండి, క్వాలిటీ 1080 దాటదు గానీ వీడియో నున్నగా పోద్ది. పెళ్ళి వీడియోలు చేసే స్టూడియోల వాళ్ళకి డ్రోన్ తీసిన 4కే హెచ్.265 క్లిప్పులతో ఇదే గొడవ, వాటికి తక్కువ సైజు నకళ్ళు (ప్రాక్సీలు) చేసుకొని ఎడిట్ చెయ్యడమే దారి, స్కేల్‌తో కుస్తీ పట్టినా లాభం లేదు.

సమస్య: డీకోడ్ బాగానే ఉంది, 3డి గ్రాఫ్ నెత్తికెక్కి కూర్చుంది.

ఇది పిక్సెల్స్ బరువు. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉన్న మెషిన్లలో ఎక్కువ, ఎందుకంటే ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ఆ ర్యామ్‌నే పంచుకోవాల. అట్టాంటిదే ఇంకో స్టిక్ వేస్తే ర్యామ్‌కి పోయే రెండు దారులూ (చానళ్ళు) పనిచేసి బాగా తేడా వస్తది. డబ్బులు పెట్టేది లేదంటే రెజల్యూషన్ దించండి.

మ్యాక్, లైనక్స్ వాళ్ళు మాత్రం ఈడ స్కేల్‌నే అనుమానించాల. 4కే మానిటర్ మీద మ్యాక్‌లో 2560 బై 1440 లాగా కనపడాలని పెట్టారనుకోండి, అది లోపల 5120 బై 2880 బొమ్మ గీసుకొని, అంటే సుమారు 1 కోటి 47 లక్షల పిక్సెల్స్, దాన్ని మళ్ళీ 4కేకి కుదిస్తది. 1920 బై 1080 లాగా పెడితే సరిగ్గా రెండింతలే కాబట్టి ఆ కుదింపు గోలే ఉండదు. లైనక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి 125, 150 పెట్టినప్పుడు ఇట్టాంటి అదనపు పనే పడొచ్చు, అందుకని స్కేల్ 100 గానీ 200 గానీ ఉంచి అక్షరాల సైజు ఒక్కటే పెంచుకొని చూడండి.

సమస్య: గ్రాఫ్‌లన్నీ చల్లగా ఉన్నాయి, అయినా క్రికెట్‌లో కెమెరా తిరిగితే బొమ్మ తునకలు తునకలుగా పోతా ఉంది.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ లోపలికెళ్ళి రిఫ్రెష్ రేట్ (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారేది) చూడండి, 30 హెర్ట్జ్ ఉంటే దొంగ దొరికినట్టే. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కేని 30కి మించి పంపలేదు. 2.0 పోర్టు, దానికి తగ్గ కేబుల్ ఉంటే 60 వస్తది, లేదంటే 1080లో 60 పెట్టుకోండి, ఆటకి అదే మేలు.

పాత ప్లేయర్లో బటన్లు, అక్షరాలు మసగ్గా ఉంటే దానికి స్కేల్ సంగతి తెలియక విండోసే సాగదీస్తా ఉందని అర్థం. ప్రోగ్రామ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్, ఓవర్‌రైడ్ టిక్ పెట్టి అప్లికేషన్ ఎంచుకోండి. బటన్లు చిన్నవైపోతాయి, ఓర్చుకోవాల.

నెట్ మీద అనుమానం ఉంటే యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నర్డ్స్ తీయండి. 1080 స్క్రీన్, 125 స్కేల్ అయితే ఫుల్ స్క్రీన్‌లో వ్యూపోర్ట్ (వీడియో ఆడే చోటు సైజు) 1536 బై 864 ఇంటూ 1.25 అని ఉంటది, చూసి భయపడొద్దు, గుణిస్తే మళ్ళీ 1920 బై 1080నే. పక్కన డ్రాప్డ్ ఫ్రేమ్స్ (చూపించకుండా వదిలేసిన బొమ్మలు) అంకె గబగబా పెరుగుతుంటే తప్పు మెషిన్‌ది, అది పెరక్కుండానే వీడియో ఆగి చక్రం తిరుగుతుంటే నెట్‌ది.

ఇక పొద్దున బాగుండి మధ్యాహ్నమే మొరాయిస్తా ఉంటే, అదీ రోహిణి కార్తెలో, సెట్టింగులు కాదు వేడి. చీమకుర్తి పక్క గ్రానైట్ దుమ్ము కూడా తోడైతే వేడిని లాగే హీట్ సింక్ మూసుకుపోయి ప్రాసెసర్ తనే స్పీడ్ తగ్గించుకుంటది, టాస్క్ మేనేజర్‌లో సీపీయూ స్పీడ్ బేస్ స్పీడ్ (దాని మామూలు స్పీడ్) కంటే బాగా కింద ఉంటది చూడండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరక్కుండా వేలు అడ్డం పెట్టండి, థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే అదీ మార్పించండి.