ట్రాకియాస్టమీ ట్యూబుతో ఇంటికొచ్చిన మనిషిని చూసుకోవడం ఎలా

తలకు దెబ్బ తగిలో, పక్షవాతం వచ్చో వెంటిలేటర్ మీద చాలా రోజులున్నవాళ్లను ఒక్కోసారి గొంతు దగ్గర రంధ్రం చేసి ఊపిరి కోసం పెట్టిన ట్యూబుతోనే డిశ్చార్జ్ చేస్తారు. అదే ట్రాకియాస్టమీ ట్యూబు. ఆ ట్యూబు ఎక్కడ కూర్చుందో ఇంట్లోవాళ్లకు తెలిస్తే సగం భయం పోతుంది.

కంఠముడి మీద వేలు పెట్టి కిందికి జార్చండి. చిన్న పల్లం దాటగానే గట్టి ఉంగరం ఒకటి తగులుతుంది. దాని పేరు క్రికాయిడ్. శ్వాసనాళం దాని కిందనే మొదలవుతుంది. పెద్దవాళ్లలో పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఛాతీలోకి దిగాక కుడి, ఎడమ ఊపిరితిత్తులకు రెండు గొట్టాలుగా చీలుతుంది. ఆ చీలిక పేరు కెరీనా. నాళం పొడవునా 16 నుంచి 20 మృదులాస్థి వలయాలుంటాయి. అవి గుర్రపు నాడాల్లా వెనకవైపు తెరుచుకుని ఉంటాయి. ఆ వెనక గోడ మెత్తటి కండరం, దానికి ఆనుకునే అన్నవాహిక. సర్జన్ రంధ్రం చేసేది సాధారణంగా రెండో వలయానికీ నాలుగో వలయానికీ మధ్య.

మనం పీల్చే గాలిని ముక్కు వెచ్చబరిచి, తడిపి లోపలికి పంపుతుంది. ట్యూబు పెట్టాక గాలి ముక్కును తాకకుండా నేరుగా లోపలికి పోతుంది. నాళం లోపలి పొర మీదుండే సన్నటి నూగు కఫాన్ని పైకి తోస్తూ ఉంటుంది. పొడి గాలికి ఆ నూగు పనిచేయదు, కఫం చిక్కబడి ట్యూబు గోడకు పెచ్చులా అతుక్కుంటుంది. ఇంట్లో ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగానికి మూలం ఈ ఎండిపోవడమే. అందుకే సక్షన్ (మెషీన్‌తో కఫం లాగేయడం) కంటే తేమ మీద ముందు దృష్టి పెట్టాలి. ఊపిరిలోని తేమను పట్టి ఉంచే స్వీడిష్ నోస్ అనే చిన్న ఫిల్టర్ ట్యూబు మూతికి తగిలించండి. కఫంతో తడిసి బరువెక్కితే 24 గంటలు నిండేదాకా ఆగకుండా వెంటనే మార్చేయాలి. డాక్టర్ చెప్పినన్నిసార్లు 0.9 శాతం సెలైన్ 3 నుంచి 5 మిల్లీలీటర్లు నెబులైజర్‌లో పోసి ఇవ్వండి. సక్షన్‌కు ముందు ప్రతిసారీ సిరంజితో ట్యూబులోకి సెలైన్ పోసే అలవాటు వద్దు. దగ్గు తెప్పిస్తుంది గానీ కఫాన్ని అంతగా పలచబరచదు, కింది కఫాన్ని ఇంకా లోపలికి తోయనూ వచ్చు. ఆ గదిలో దోమల చక్రం, అగరబత్తి, ఒంటికి పౌడరు మానేయాలి.

సక్షన్‌కు వేళలు పెట్టుకోవద్దు. గురగుర వినిపించినప్పుడు, దగ్గినా కఫం బయటికి రానప్పుడు, ఆక్సిజన్ రీడింగ్ తగ్గుతున్నప్పుడు చేయాలి. క్యాథటర్ (కఫం లాగడానికి లోపలికి పంపే సన్న గొట్టం) మందం ట్యూబు లోపలి వెడల్పులో సగం మించకూడదు. ట్యూబు నంబరులోంచి 2 తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయండి: 8 నంబరు ట్యూబుకు 12 నంబరు క్యాథటర్ (చివర తెల్ల రంగు), 7కు 10 (నలుపు). దీనికంటే లావుది పెడితే గాలికి చోటుండదు. మెషీన్ లాగే పీడనం 80 నుంచి 120 ఎంఎం హెచ్‌జీ మధ్య ఉంచండి.

ఎంత లోపలికి పెట్టాలన్నదే అసలు సంగతి. స్పేర్ ట్యూబు పక్కన క్యాథటర్ పెట్టి కొలవండి. ట్యూబు కొన దాటి అర సెంటీమీటరు, మహా అయితే ఒక సెంటీమీటరు. అక్కడ పెన్నుతో గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ కొలవక్కర్లేదు. తగిలేదాకా తోస్తే తగిలేది కెరీనా. విపరీతమైన దగ్గు వస్తుంది, పొర చెదిరి రక్తం వస్తుంది, కొందరిలో గుండె వేగం పడిపోతుంది. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, క్యాథటర్ బయటి కొన దగ్గరుండే చిన్న రంధ్రాన్ని వేలితో మూయకుండా క్యాథటర్ లోపలికి పంపండి. ఇప్పుడు ఆ చిన్న రంధ్రం మూసి, మెల్లగా తిప్పుతూ బయటికి లాగండి. లోపలికి వెళ్లి రావడానికి కలిపి 10 సెకన్లు, 15 దాటకూడదు. ఆ కాసేపు మీరూ ఊపిరి బిగబట్టి చూడండి, వాళ్లకెలా ఉంటుందో తెలుస్తుంది. రెండోసారి చేయాలంటే కాస్త తేరుకోనివ్వాలి. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీ మెషీనో, కాలితో తొక్కే సక్షన్ పంపో తప్పనిసరి.

లోపలి ట్యూబు విడిగా వచ్చే రకమైతే రోజుకు కనీసం రెండు మూడుసార్లు తీసి కడగాలి. మెటల్ ట్యూబుల్లో లోపలిది బయటిదానికంటే 2, 3 మిల్లీమీటర్లు పొడుగుంటుంది, పెచ్చు కట్టేది ఆ కొనకే. తీసేటప్పుడు రెండో చేత్తో బయటి ట్యూబు రెక్కలు పట్టుకోండి. గోరువెచ్చటి నీళ్లు, సన్న బ్రష్షుతో కడిగి, వెలుతురుకు పట్టి ఆరపార కనిపిస్తోందో లేదో చూసి, నీళ్లు దులిపి పెట్టండి. మెటల్‌ది మరిగించవచ్చు, ప్లాస్టిక్‌ది మరిగిస్తే వంగిపోతుంది. మెడ మీది రంధ్రం చుట్టూ సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డతో తుడవాలి. మామూలు గాజ్ గుడ్డను కత్తిరించి ట్యూబు కింద పెట్టకండి, తెగిన దారప్పోగులు ఊపిరితో లోపలికి పోతాయి. మడిచి పెట్టండి. మెడ పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు చాలు. పట్టీ మార్చేటప్పుడు ఇద్దరుండాలి, ట్యూబు పట్టుకోవడమే ఒకరి పని.

కఫ్ (నాళం లోపల ట్యూబు చుట్టూ ఉబ్బే గాలి బెలూన్) ఉన్న ట్యూబైతే అందులో గాలి పీడనం 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం. బయటి బెలూన్‌ను వేళ్లతో నొక్కి అంచనా వేస్తే తప్పుతుంది, మీటరుతోనే చూడాలి. ఎక్కువైతే లోపలి పొరకు రక్తం అందక పుండు పడుతుంది. తర్వాత నాళం ఇరుకైపోవచ్చు, వెనక గోడ చిల్లుపడి అన్నవాహికతో కలిసిపోవచ్చు. అప్పుడు తాగిన పాలు సక్షన్‌లో కనిపిస్తాయి. కఫ్ ఉంది కదా, పొలమారదు అనుకోవడమూ పొరపాటే. నోటితో పెట్టడం మింగే పరీక్ష అయ్యాకే. రైల్స్ ట్యూబుతో (ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం) పోసేటప్పుడు తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, తర్వాత అరగంట నుంచి గంట అలాగే ఉంచండి.

ఊపిరి ఆడక గిలగిల్లాడితే ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఈ వరసలో చేయాలి. ముందు మూతికున్న వాల్వ్, ఫిల్టర్ తీసేయండి. లోపలి ట్యూబు తీయండి. క్యాథటర్ పంపి చూడండి. దిగకపోతే కఫ్‌లో గాలి తీసేయండి, పక్కనుంచైనా ఊపిరి ఆడుతుంది. అప్పటికీ లాభం లేకపోతే ట్యూబు బయటికి తీసి, మంచం పక్కనే ఉండాల్సిన స్పేర్ ట్యూబు పెట్టాలి. అదే సైజుది ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. అబ్చురేటర్‌తో (ట్యూబును దించడానికి దాని లోపల పెట్టే మొద్దు కొన కడ్డీ) మెల్లగా కిందికి వంపుగా దించి, అబ్చురేటర్‌ను వెంటనే లాగేయండి. మరిచిపోతే దారి మూసుకున్నట్టే. ఆపరేషనైన మొదటి వారంలో మాత్రం ట్యూబు ఊడితే దారి ఇంకా గట్టిపడి ఉండదు. బలవంతంగా తోస్తే ట్యూబు నాళంలోకి కాక చర్మం కింద కండలోకి పోతుంది. అప్పుడు, లేదా స్పేర్ ట్యూబు దిగకపోయినా, అంబులెన్స్ వచ్చేదాకా నోటికీ రంధ్రానికీ ఆక్సిజన్ అందించాలి. స్వరపేటిక మొత్తం తీసేసినవాళ్లకు నోటి నుంచి ఊపిరితిత్తులకు దారే ఉండదు, ఆక్సిజన్ రంధ్రం దగ్గరే ఇవ్వాలి. ఆ విషయం 108 సిబ్బందికి మొదట చెప్పండి.

సక్షన్‌లో గులాబీ చార కనిపిస్తే క్యాథటర్ ఎంత లోపలికి పెడుతున్నారో మళ్లీ కొలవండి. ఎర్రటి రక్తం ఒక్కసారిగా వస్తే, అదీ మొదటి నెలలో, అప్పటికది ఆగిపోయినా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

మాట్లాడటానికి స్పీకింగ్ వాల్వ్ పెట్టేముందు కఫ్ పూర్తిగా ఖాళీ చేయాలి. వాల్వ్ గాలిని లోపలికే రానిస్తుంది. బయటికి పోవాల్సింది ట్యూబు పక్కనుంచి, గొంతు మీదుగా. కఫ్ ఉబ్బి ఉంటే ఆ దారి మూసుకుపోయి ఊపిరి వదల్లేరు. పడుకునేటప్పుడు వాల్వ్ తీసేయాలి. డాక్టర్ ట్యూబు తీసేశాక రంధ్రం చాలామందిలో కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో పూడుతుంది. అప్పటిదాకా దగ్గినా, మాట్లాడినా బ్యాండేజీ మీద రెండు వేళ్లతో నొక్కి పట్టుకోమనండి.