మనాలీ, లేహ్, పాంగాంగ్ దారిలో ఒంటరిగా: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

వేసవిలో మనాలీ నుంచి లద్దాఖ్‌లోని లేహ్, అక్కడి నుంచి పాంగాంగ్, త్సో మొరీరీ సరస్సులు చూడ్డానికి ఒంటరిగా బండి తీసుకుని వెళ్లేవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. దారి తెలుసుకోవడం పెద్ద పని కాదు. పక్కన మనిషి లేకపోవడమే అసలు చిక్కు. మాట తడబడుతోందనో, పెదాలు నీలంగా మారాయనో చెప్పేవాళ్లు ఉండరు. ఎత్తులో ముందు మందగించేది బుర్రే. వెనక్కి తిరగాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది కూడా ఆ బుర్రతోనే. అందుకే ఎక్కడ ఆగాలి, ఏ లక్షణం కనిపిస్తే ముందుకు వెళ్లకూడదు అన్నవి మనాలీలో ఉండగానే కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కింద చెప్పేవన్నీ ఆ కాగితానికి పనికొచ్చేవే.

తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం

కారణం: పడుకునే చోటు ఒక్కసారిగా ఎత్తు పెరగడం. మనాలీ దాదాపు 2,050 మీటర్ల ఎత్తులో ఉంటుంది, లేహ్ దారిలో టెంట్లలో దిగే సర్చూ దాదాపు 4,290. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. పొద్దున్నే మనాలీలో బయలుదేరితే సాయంత్రానికి సర్చూ టెంటులో ఉండొచ్చు. ఒంట్లో బాగాలేకపోవడానికి ఆ వేగమే కారణం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని డాక్టర్లు చెబుతారు. సర్చూలో దిగినవాళ్లు ఒక్క రోజులో రెండు వేల పైచిలుకు మీటర్లు ఎక్కేశారన్నమాట.

పరిష్కారం: నన్నడిగితే, సెలవు ఎక్కువ ఉన్నవాళ్లు శ్రీనగర్ వైపు నుంచి ఎక్కి మనాలీ వైపు దిగాలి. శ్రీనగర్ 1,585, కార్గిల్ 2,676, లేహ్ 3,500 మీటర్లు. ఒళ్లు అలవాటు పడటానికి ఇదే మంచి వరుస. మనాలీ నుంచే ఎక్కాలనుకుంటే 3,200 మీటర్ల దగ్గరున్న జిస్పాలో రెండు రాత్రులు ఉండండి. మూడో రోజు తెల్లవారకముందే బయలుదేరి, సర్చూలో గానీ దాని తర్వాత వచ్చే పాంగ్‌లో గానీ పడుకోకుండా లేహ్ చేరడం మేలు. అది చాలా పెద్ద రోజు, ఒంటరి డ్రైవరుకు మరీ పెద్దది. అయినా ఆ ఎత్తులో పడుకోవడం కన్నా నయమే.

ఎసిటజోలమైడ్, అంటే మెడికల్ షాపుల్లో డయమాక్స్ పేరుతో దొరికే మాత్ర, డాక్టర్ని అడిగే వేసుకోండి. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచే మొదలుపెట్టమంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, ఊరికే మూత్రం రావడం ఈ మందుతో మామూలే. దానికి భయపడొద్దు.

రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తే, అది కూడా ఆ ఎత్తులో చాలామందికి జరిగేదే. నిద్రమాత్ర, మద్యం మాత్రం ముట్టుకోవద్దు. ఊపిరి ఇంకా నెమ్మదిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. టెంటు బయట నేల మీద ఒక గీత గీసి, మడమకు వేళ్లు ఆనేలా అడుగు మీద అడుగు వేస్తూ పది అడుగులు నడవండి. పక్కకు తూలితే మెదడుకు వాపు వస్తోందని అనుమానించాలి. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుండొచ్చు. రెండింటికీ మందు ఒక్కటే, కిందికి దిగడం. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాలకే సరిపోతుంది. వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు కూడా, వేళ్లు చల్లబడి ఉంటే, తప్పు చూపిస్తుంది.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. సర్చూ నుంచి వెనక్కి దిగాలంటే ముందు 4,890 మీటర్ల బారాలాచా లా (లా అంటే కనుమ) ఎక్కాలి, ముందుకు పోవాలంటే 5,000 దాటిన లాచులుంగ్ లా ఎక్కాలి. పాంగ్‌లోనూ అంతే, ఎటు కదిలినా ఇంకో కనుమ ఎక్కాల్సిందే. కాబట్టి తేల్చుకోవాల్సింది సర్చూలో కాదు, జిస్పాలో. పొద్దున లేచేసరికి తలనొప్పి ఉంటే ఆ రోజు ప్రయాణం రద్దు. కాగితం మీద మొదటి వాక్యం ఇదే ఉండాలి. పైన చిక్కుకుపోతే మాత్రం మీరు బండి నడపొద్దు. క్యాంపు వాళ్లకు తాళం ఇచ్చి, దొరికిన టాక్సీ ఎక్కండి. లేకపోతే పాంగ్‌లోని ఆర్మీ క్యాంపు సాయం అడగండి. లేహ్‌లో పెద్దాసుపత్రి సోనం నోర్బూ మెమోరియల్, ఎత్తు జబ్బులు వాళ్లకు కొత్త కాదు.

బండికి పికప్ లేదు, క్లచ్ కాలిన వాసన

5,328 మీటర్ల తంగ్లంగ్ లా మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదాంట్లో ఇంచుమించు సగమే. టర్బో లేని ఇంజనుకు ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు పది శాతం శక్తి తగ్గుతుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బళ్లు పెట్రోలు తగ్గించుకుంటాయి గానీ లేని ఆక్సిజన్ తేలేవు. పాత కార్బురేటర్ బుల్లెట్ అయితే పెట్రోలు ఎక్కువై నల్ల పొగ వదులుతుంది, ప్లగ్గు మీద మసి పట్టేస్తుంది. విడి ప్లగ్గు, దాన్ని విప్పే పానా దగ్గరుంచుకోండి.

బండి చెడిపోలేదు కాబట్టి విప్పదీసే పని లేదు. ఫస్ట్ గేరులో, క్లచ్ పూర్తిగా వదిలేసి, నింపాదిగా ఎక్కండి. సగం క్లచ్ మీద ఎక్కిస్తేనే ఆ వాసన. వస్తే ఆపి అరగంట చల్లారనివ్వండి. దిగేటప్పుడూ అదే గేరు, బ్రేకు మీద కాలు పెట్టి ఉంచొద్దు. బ్రేకు మెత్తబడితే ఆగి చల్లారనివ్వాలి, వేడి డిస్కు మీద నీళ్లు పోయకూడదు.

టైర్ల సంగతి: బయట గాలి ఒత్తిడి తగ్గడం వల్ల కనుమల మీద గేజి ఎక్కువ చూపిస్తుంది, చలి దాన్ని కొంత తగ్గిస్తుంది. అక్కడ గాలి తీసేస్తే కిందికి వచ్చాక టైరు మెత్తగా ఉంటుంది. అనవసరంగా ముట్టుకోకండి.

పొద్దున పిల్లకాలువ, మధ్యాహ్నానికి వాగు

రాత్రి చలికి మంచు కరగడం ఆగుతుంది, ఎండెక్కే కొద్దీ కరిగి రోడ్డు మీదికి వస్తుంది. తెల్లవారుజామున అదే వాగు తేటగా ఉంటుంది, అడుగున రాయి రాయీ కనబడుతుంది, ఒడ్డు రాళ్ల అంచున అద్దంలాంటి పలచని మంచు పొర ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి నీళ్లు బూడిద రంగులోకి తిరుగుతాయి, లోపల రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినబడితే ఒంటరిగా దిగొద్దు. ఇంకో బండో లారీయో వచ్చేదాకా ఆగి, అది ఎక్కడ దాటిందో చూసి దాటండి. నీళ్ల మధ్యలో గేరు మార్చకూడదు, యాక్సిలరేటర్ వదలకూడదు. ఇంజను నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లోపలికి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ఒడ్డుకు తోయించండి. ఈ ఒక్క కారణం చాలు, రోజూ చీకటితో లేవడానికి.

పెట్రోలు

జిస్పాకు ముందు వచ్చే టాండీ బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్లని రాసిన బోర్డు ఈ దారి వెళ్లినవాళ్లందరికీ గుర్తే. టాండీలో ఫుల్ ట్యాంకు, పైన అయిదు లీటర్ల డబ్బా. లేహ్ నుంచి పాంగాంగ్ వెళ్లేటప్పుడు దారిలో వచ్చే కారూ అనే ఊళ్లో మళ్లీ నింపుకోండి. ఫస్ట్ గేరు ఎక్కుడు వల్ల మైలేజి పడిపోతుందని లెక్కలో వేసుకోండి.

సరస్సు ఒడ్డున చక్రం దిగబడింది

పాంగాంగ్ పొడవు 134 కిలోమీటర్లు, ఎత్తు 4,200 మీటర్లు దాటి. ఒడ్డు పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద తడి ఇసుక. యాక్సిలరేటర్ ఇచ్చే కొద్దీ చక్రం ఇంకా లోపలికి పోతుంది. ఆపి, టైరు గాలి సగానికి తగ్గించి, ముందు ఇసుక తోడి, ఫ్లోర్ మ్యాట్లు పరిచి మెల్లగా కదిలించండి. తవ్వేటప్పుడు నాలుగు తోడ్లకోసారి ఆగండి, ఆ ఎత్తులో అయిదు నిమిషాల పని కూడా కళ్లు తిరిగేలా చేస్తుంది. అసలు బండిని ఒడ్డుకు దింపకపోవడమే సరైన పని. వీడియో కోసం నీళ్లలోకి బండి తోలేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ గడ్డిలో, ఆ బురదలో పక్షులు గూళ్లు పెడతాయి. పాంగాంగ్ నీళ్లు ఉప్పన, తాగడానికీ రేడియేటరుకూ పనికిరావు. మంచినీళ్లు వెంట ఉండాలి.

అద్దె బండిని ఆపేశారు

మనాలీలోనో ఢిల్లీలోనో అద్దెకు తీసుకున్న బండితో లేహ్ చేరాక, పాంగాంగ్, నుబ్రా లోయ వైపు వెళ్లనివ్వకుండా అక్కడి టాక్సీ, బైకు యూనియన్లవాళ్లు ఆపుతారు. వాళ్ల బతుకుతెరువు ఆ నాలుగు నెలల వేసవే. వాదించడం వల్ల రోజు పోతుంది. లేహ్‌లో ఇంకో బండి అద్దెకు తీసుకోండి, బడ్జెట్ వేసుకునేటప్పుడే ఆ ఖర్చు రాసుకోండి. సొంత బండికి ఈ బాధ లేదు.

ఫోన్ పలకదు, ఇంట్లో టెన్షన్

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ కావాలి. అదీ కనుమల మధ్య చాలా చోట్ల మూగబోతుంది. జిస్పా వదిలే ముందే ఇంటికి ఫోన్ చేసి, రేపు రాత్రి దాకా మాట ఉండదని చెప్పండి. బండి నంబరు, దిగబోయే చోట్ల పేర్లు, ఎల్లుండి మధ్యాహ్నానికి కూడా ఫోన్ రాకపోతే ఎవరిని అడగాలో మెసేజ్‌గా పంపి, అవతల చదివారని చూసుకున్నాకే బండి స్టార్ట్ చేయండి.